పదిహేడు గంటల నలభై నిమిషాలు

ఆ కాగితం నేను మా ఆఫీసులోనే, నా బల్ల పక్కనున్న ప్రింటరు మీదే తీశాను. పైన మా ట్రావెల్స్ పేరు, కింద రబ్బరు స్టాంపు, మధ్యలో మూడే మూడు వరుసలు. మా ఊరి నుంచి మధ్యలో ఆగే ఊరికి నాలుగున్నర గంటలు. అక్కడ ఆగేది ఆరు గంటల నలభై నిమిషాలు. అక్కణ్ణుంచి మా అమ్మాయి వాళ్ళ నాన్న ఉండే ఊరికి ఆరున్నర గంటలు. మొత్తం పదిహేడు గంటల నలభై నిమిషాలు. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆ విమానాలు రోజూ ఎగురుతాయి, రోజూ జనం వాటిలో వెళ్తూనే ఉంటారు.

రాయనిది ఒక్కటే. అప్పటికి అయిదు నెలల కిందట ఆ ఊరికి నేరుగా వెళ్ళే విమానం ఒకటి మొదలైంది. వారానికి నాలుగు రోజులు. ఏడువేల నాలుగువందల కిలోమీటర్లు, తొమ్మిది గంటల యాభై నిమిషాలు. మా ఆఫీసులో దానికి టిక్కెట్లు చేసేది నేనే.

మేమిద్దరం విడిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన ఉద్యోగం మారి ఆ ఊరు వెళ్ళిపోయి ఏడాది. ఆయన వెళ్ళినప్పుడు నేరుగా వెళ్ళే విమానం లేదు, మధ్యలో దిగి ఎక్కే వెళ్ళాడు. అందుకే కుటుంబ కోర్టులో కౌన్సిలర్ మేడమ్ నా కాగితం చదివి, ఫోన్లో ఉన్న ఆయన్ని "ఏం బాబూ, అంతసేపు పడుతుందా?" అని అడిగితే, "ఆ, నాకూ ఇంచుమించు అంతే పట్టింది మేడమ్" అన్నాడు.

మేడమ్ అరవై దగ్గర పడుతున్న మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మరీ ఆలోచించేది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడే నాతో, "మీరు ఆ పనిలోనే ఉన్నారు కదమ్మా, ఎంత దూరమో ఎంతసేపో మీరే రాసుకురండి. దాన్ని బట్టి పిల్ల ఎప్పుడెప్పుడు వెళ్ళాలో చూద్దాం" అంది. నా లెక్క నాకుంది. అంత దూరమని తెలిస్తే పదకొండేళ్ళ పిల్లని ఎవరు పంపమంటారు? మహా అయితే ఏడాదికి ఒక పదిరోజులంటారు. పోనీ పదిహేను.

"పదిహేడు గంటలే!" అంది మేడమ్. "ఇంత ప్రయాణం పిల్ల చేత ఏడాదికి రెండుసార్లు చేయించడం భావ్యం కాదు."

నేను తల ఊపాను.

"పది పదిహేను రోజుల కోసం అసలే పంపకూడదు. ఆ బడలిక తీరేసరికి మళ్ళీ పెట్టె సర్దుకోవాలి. అంచేత ఏడాదికి ఒక్కసారే వెళ్తుంది. వెళ్ళినప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే ఉంటుంది. ఎన్ని వారాలు?"

"తొమ్మిది మేడమ్," అన్నాడు ఆయన ఫోన్లోంచి. గొంతు మారిపోయింది. అంత ఇస్తారని ఆయనా అనుకోలేదు.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అరవడానికి లేదు, చెయ్యి దులుపుకోవడానికీ లేదు. మేడమ్ కళ్ళజోడు కిందికి దించుకుని రాసుకుంది. "సెలవులయ్యాక ఒకసారి పిల్లని తీసుకురండి. ఎలా ఉందో అడిగి, వచ్చే ఏళ్ళకి కూడా ఇదే ఖాయం చేసేద్దాం."

టిక్కెట్టు నేనే చేశాను. కాగితంలో రాసిన దారి కాకుండా వేరే దారిన పంపితే నా గుట్టు నేనే బయటపెట్టుకున్నట్టు. కాబట్టి కాగితంలో ఎలా ఉందో అలాగే.

*

మా అమ్మాయిని ఇంట్లో బుడ్డీ అంటాం. ఆ ఏడాది నుంచే ఆ పిలుపు మీద దానికి అభ్యంతరం మొదలైంది.

"అక్కడ అందరి ముందూ బుడ్డీ అనకు. ముందే చెప్తున్నా," అంది టాక్సీలో. పొద్దున్న అయిదున్నర. కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది.

"మరేమని పిలవను? అమ్మాయిగారూ అనా?"

"అసలు పిలవకు. పక్కనే ఉంటాగా, ఊరికే మాట్లాడు చాలు."

ఒంటరిగా వెళ్ళే పిల్లలకి విమానాశ్రయంలో వేరే కౌంటరుంది. అక్కడి అమ్మాయి ఒక పసుప్పచ్చ సంచీలో కాగితాలన్నీ పెట్టి బుడ్డి మెడలో వేసింది. నాకొక ఫారం ఇచ్చింది. అప్పగించేవారు, పుచ్చుకునేవారు అని రెండు గడులు. అప్పగించేవారు అన్నచోట నేను సంతకం పెట్టాను. రోజుకు పది ఫారాలు నింపే దాన్ని, నా పేరులో ఒక అక్షరం తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాశాను.

"మధ్యలో దిగాక ఎక్కడికీ కదలకు. వాళ్ళ మనిషి వచ్చి తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెడతారు. వాళ్ళు చెప్పేదాకా అక్కడే ఉండు."

"చెప్పావు. నాలుగుసార్లు."

"ఆకలేస్తే బ్యాగులో..."

"బిస్కట్లు, ఆపిల్, చపాతీ చుట్ట. అమ్మా, నేను వెళ్తున్నది చంద్రమండలానికి కాదు."

వెళ్ళేటప్పుడు మెడలో సంచీ తీసి చొక్కా లోపల వేసుకుంది, ఎవరికీ కనబడకుండా. ఆ యూనిఫాం అమ్మాయి చెయ్యి పట్టుకోబోతే తన చెయ్యి బ్యాగు పట్టీ మీద పెట్టేసుకుంది. అద్దాల తలుపు మూసుకునే ముందు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నేను ఊపేసరికే తలుపు మూసుకుంది.

*

అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకే వెళ్ళాను. ఇంటికెళ్ళి చేసేదేముంది?

నా కంప్యూటరు తెర మీద ఒక మూల బుడ్డి ఎక్కిన విమానం ఎక్కడుందో చూపే బొమ్మ పెట్టుకున్నాను. ఈగంత బొమ్మ. చూస్తుంటే కదలదు, ఓ పని చేసుకుని వచ్చి చూస్తే కాస్త జరిగి ఉంటుంది. నా ఎదుటి బల్ల వీసాల అక్కది. ఆవిడ అసలు పేరు మా ఆఫీసులో సగం మందికి తెలీదు. పాతికేళ్ళుగా వీసా ఫారాలు నింపుతోంది.

"అలా గుడ్లప్పగించి చూస్తే ఏమన్నా తొందరగా పోతుందా అది?" అంది. "బస్సయితే దిగి ఓ చెయ్యేసి తొయ్యొచ్చు."

మధ్యాహ్నం పన్నెండుకి బొమ్మ మధ్య ఊళ్ళో దిగి ఆగిపోయింది. ఒంటిగంటకి ఒక జంట వచ్చారు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. వాళ్ళు వెళ్ళాల్సింది సరిగ్గా ఆ ఊరే.

"మధ్యలో ఎక్కడా దిగకుండా ఉందాండీ?" అని అడిగాడు అబ్బాయి. "తనకి ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయి."

"ఉందండీ. వారానికి నాలుగు రోజులు."

"ఎంతసేపు పడుతుంది?" అంది ఆ అమ్మాయి.

"తొమ్మిది గంటల యాభై నిమిషాలు. వచ్చేటప్పుడు ఇంకా తక్కువ. తొమ్మిదీ అయిదు నిమిషాలే."

"అదేంటి? దూరం అదేగా?"

"వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది."

"భలే!" అని నవ్వింది. కిటికీ పక్క సీటు అడిగింది. ఇచ్చాను. రోజూ పదిమందికి చెప్పే మాటలే, నోటికి వాటంతట అవే వచ్చాయి. వాళ్ళు వెళ్ళాక తలెత్తి చూస్తే వీసాల అక్క కలం పక్కన పెట్టి నన్నే చూస్తోంది.

"మరి మన బుడ్డదాన్ని అంత తిప్పి తిప్పి పంపావేం?"

"సీట్లు దొరకలేదు," అన్నాను.

ఆవిడ ఫారాల్లో జనం ఏమేం దాస్తారో పాతికేళ్ళుగా చూస్తున్న మనిషి. తన టిఫిను డబ్బా మూతలో సగం భోజనం పెట్టి నా బల్ల మీదికి జరిపింది. "తిను. ఇంకా అయిదున్నర గంటలుంది అక్కణ్ణుంచి కదలడానికి," అంది. నేను చెప్పకుండానే లెక్క కట్టేసింది.

*

ఆ తొమ్మిది వారాల గురించి ఏం చెప్పాలి? సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొద్దున పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండేది. బుడ్డి ఉన్నప్పుడు కత్తెర కోసం ఇల్లంతా వెతికేదాన్ని, దువ్వెన కోసం అరిచేదాన్ని. ఇప్పుడు కత్తెర సొరుగులో, దువ్వెన అద్దం ముందు, టీవీ రిమోటు టీవీ పక్కన. దొంగలు పడినా ఇల్లు అంత భయపెట్టదు. రెండో వారంలో ఒకసారి కావాలనే కత్తెర తీసి సోఫా దిండు కింద పెట్టాను. మర్నాడు సాయంత్రం నేనే తీసి సొరుగులో పెట్టాను. పిచ్చి ముదురుతోందనుకున్నాను.

బట్టల మిషను నిండడానికి పన్నెండు రోజులు పట్టింది. పాలవాడు ఒక ప్యాకెట్ చాలన్నా రెండు వేసేవాడు, రెండోది విరిగిపోయేది. పొద్దున్నే అలవాటుగా "లే, టైమవుతోంది" అని అరిచి, అరిచాక నా గొంతు నాకే వినబడి పళ్ళు తోముకోవడానికి వెళ్ళేదాన్ని.

పై అంతస్తులో ఒక రిటైరైన లెక్కల మాస్టారుంటారు. మెట్ల మీద కనబడ్డప్పుడల్లా "ఏమ్మా, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది, పిల్ల లేదా?" అనేవారు. లేదని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నిద్రపోతోందని చెప్పాను. అబద్ధమాడటానికి నాకు కారణం కూడా అక్కర్లేకుండా పోయింది.

ఆదివారం మాకు మధ్యాహ్నం మూడు, వాళ్ళకి పొద్దున పదిన్నర. అప్పుడు ఫోన్. మొదటివారం బుడ్డి ఒకటే హుషారు. నాన్న ఇంటి పక్కన ఈత కొలను, నాన్నకి అట్లు వెయ్యడం రాదు, అన్నీ దేశపటాల్లా వస్తాయి, తన గదికి పచ్చరంగు వేశాడు.

"ప్రయాణం ఎలా జరిగింది? సరిగా చెప్పనేలేదు," అన్నాను.

"బానే జరిగింది. ఆ మధ్య ఊళ్ళోనే కాస్త... ఒక గదిలో కూర్చోబెట్టారు కదా, నాతో ఇంకో చిన్నపిల్లాడున్నాడు. వాణ్ణి ఎవరో వచ్చి తీసుకెళ్ళిపోయారు. తర్వాత నేనొక్కదాన్నే. ఆవిడ 'ఇప్పుడే వస్తా, కదలకు' అని వెళ్ళింది."

"ఎంతసేపటికొచ్చింది?"

"ఏమో. గడియారం లేదక్కడ. నాకు బాత్రూం వచ్చింది. కదలద్దన్నావుగా నువ్వు కూడా. అందుకని కదల్లేదు."

"మరి?"

"ఆపుకున్నా. విమానం ఎక్కేదాకా." అని నవ్వింది. "నాన్నకి చెప్పకు. నేనేమన్నా పసిదాన్నా అని నవ్వుతాడు."

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఏదో పని మీదే వెళ్ళి ఉంటాను. ఏం పనో గుర్తు రాలేదు.

*

అయిదో ఆదివారం. ఆ రోజు బుడ్డి మామూలుగా మొదలుపెట్టలేదు. "అమ్మా, నిన్నొకటి అడగనా?" అంది.

"అడుగు."

"నాన్న ఆఫీసులో ఒక ఆంటీ వచ్చింది మన ఊరినుంచి. నేరుగా వచ్చేసిందట. మధ్యలో ఎక్కడా దిగకుండా. పొద్దున బయల్దేరి ఇక్కడ మధ్యాహ్నానికల్లా దిగిందట. ఉందా అలాంటిది?"

బయట ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాను.

"అమ్మా? వినబడుతోందా?"

"ఆ. కనుక్కుంటాను," అన్నాను.

"కనుక్కో. నేను నాన్నకి చెప్పాను, అమ్మకి తెలిసుంటే నన్నందులోనే పంపేది కదా అని. మీ ఆఫీసులో చెప్పలేదేమో నీకు. తిట్టు వాళ్ళని."

"సరే."

"గట్టిగా తిట్టు. వచ్చేటప్పుడు దాన్లోనే వస్తా. సరేనా?"

సరేనన్నాను. అయిదేళ్ళ పిల్ల అడిగితే కథలు చెప్పొచ్చు. పదిహేనేళ్ళ పిల్లయితే నిలదీసేది. పదకొండేళ్ళది నా తరఫున వకాల్తా పుచ్చుకుంది.

మర్నాడు ఆయన ఆఫీసుకే ఫోన్ చేశాడు. రెండేళ్ళలో ఆయన నాకు విడిగా ఫోన్ చేయడం అదే మొదలు. వరండాలోకి వెళ్ళి మాట్లాడాను.

"తెలిసే చేశావు కదూ?" అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

"ఆ."

"నేను దాంతో ఏం అన్లేదు. 'మీ అమ్మకి తెలీకుండా ఉంటుందా' అన్నానంతే, అదీ నోరు జారి. దానికి రెండు రోజులు నాతో మాటల్లేవు. పళ్ళెం తీసుకెళ్ళి తన గదిలో తింది."

నేను వరండా పిట్టగోడ మీద చెయ్యి ఆనించి కింద రోడ్డు వైపు చూశాను.

"మేడమ్‌కి నేను రాయను. మొన్న వరకూ మనం ఒకళ్ళమీద ఒకళ్ళం రాసుకున్నవి చాలు. నీ ఇష్టం. కానీ ఆ పిల్లని అక్కడ ఏడు గంటలు... సరేలే. ఉంటా."

లోపలికొచ్చి కూర్చున్నాను. వీసాల అక్క తలెత్తకుండానే, "ఎవరు?" అంది.

"బుడ్డి వాళ్ళ నాన్న."

"దొరికిపోయావా?"

"నాన్నకి దొరికాను. పిల్లకి ఇంకా లేదు."

"అయితే ఇంకా పీకలమీదికి రాలేదన్నమాట." ఫారం మీద స్టాంపు గుద్ది పక్కన పెట్టింది. "వీసావాళ్ళ దగ్గర ఓ పద్ధతుంది. తప్పు మనంతట మనం ముందే రాస్తే ఓ ప్రశ్న వేసి వదిలేస్తారు. వాళ్ళే కనిపెడితే మాత్రం ఇక జన్మలో ఏం రాసినా నమ్మరు."

"పిల్లలూ వీసావాళ్ళూ ఒకటేనా?"

"పిల్లలే నయం అనుకుంటున్నావా? నీకు ఒక్కతే, నాకు ముగ్గురు. నేను చెప్తున్నా విను."

*

బుడ్డి నేరుగా వచ్చే విమానంలోనే వచ్చింది. ఆ టిక్కెట్టూ నేనే మార్చాను. పొద్దున ఎనిమిదికి దిగింది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. పొడుగైందో, నేనే అలా అనుకున్నానో. ఈసారి పసుప్పచ్చ సంచీ చొక్కా పైనే ఉంది. పుచ్చుకునేవారు అన్న గడిలో సంతకం పెడుతుంటే, "అమ్మా, ఎంత తొందరగా వచ్చేశానో!" అంది. "రెండు సినిమాలు చూసి నిద్రపోయి లేచేసరికి మనూరు."

నాలుగు రోజుల తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ముందు బుడ్డిని ఒక్కదాన్నీ లోపలికి పిలిచి పావుగంట మాట్లాడింది. తర్వాత దాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను పిలిచింది.

"బాగుందమ్మా పిల్ల. వాళ్ళ నాన్న దగ్గర సంతోషంగానే ఉంది, మీ దగ్గరికీ సంతోషంగానే వచ్చింది. అది చాలు మనకి. అయితే పాత ఏర్పాటే ఖాయం చేసేస్తున్నా. ఏడాదికి ఒక్కసారి, వేసవికి." కలం మూత తీసింది.

ఆవిడ సంతకం పెట్టేస్తే అయిపోయేది. శీతాకాలం సెలవులు మూడు వారాలూ నావే. బుడ్డికి ఎప్పటికీ తెలిసేది కాదు. మా ఆఫీసువాళ్ళని నేను తిట్టానని కూడా దానికి నమ్మకం.

"మేడమ్, ఆ కాగితంలో ప్రయాణం పదిహేడు గంటల నలభై నిమిషాలని రాశాను," అన్నాను. "నేరుగా వెళ్ళే విమానం ఉంది. పది గంటల లోపే."

"ఇప్పుడు కొత్తగా వచ్చిందా?"

"కాదు. అప్పుడూ ఉంది. నాకు తెలుసు."

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. కోర్టుకి తప్పు కాగితం ఇచ్చినందుకు ఏమైనా అనొచ్చు. ఆవిడ మాత్రం పాత కాగితం వెతికి బయటికి తీసి, ఆ మూడు వరుసల మీదా అడ్డంగా ఒక గీత గీసింది.

"పది గంటలే అయితే శీతాకాలం సెలవులకి కూడా వెళ్ళొచ్చు పిల్ల," అంది. "మూడు వారాల్లోపు, ఎన్నాళ్ళుండాలో దాని ఇష్టానికి వదిలేద్దాం. వేసవి ఎలాగూ అక్కడే. మీకు అభ్యంతరమా?"

"లేదు మేడమ్."

"బయట కూర్చుంది కదా. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

బుడ్డి బెంచీ మీద కాళ్ళు ఊపుతూ బిస్కట్లు తింటోంది. పక్కన కూర్చున్నాను. "అయిపోయిందా? ఏమంది?" అంది.

"చలికాలం సెలవులకి కూడా నువ్వు నాన్న దగ్గరికి వెళ్ళొచ్చంది."

"నిజంగా? ఏడాదికి ఒకసారే అన్నారుగా?"

"అప్పుడు చాలా దూరమని చెప్పాను కాబట్టి అలా అన్నారు. నేరుగా వెళ్ళే విమానం సంగతి నేను చెప్పలేదు."

"నీకు తెలీదు కదా."

"తెలుసు."

కాళ్ళు ఊపడం ఆపింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"నేను వెళ్ళేటప్పుడు కూడానా?"

"ఆ. నువ్వు ఎక్కువ రోజులు నాన్న దగ్గరికి వెళ్ళకుండా ఉండాలని అలా చేశాను. తప్పు చేశాను."

చేతిలో సగం కొరికిన బిస్కట్టుంది. దాన్ని మళ్ళీ ప్యాకెట్లో పెట్టి, ప్యాకెట్ మూతి రెండు మడతలు మడిచింది. ఎవరో ఫైళ్ళు పట్టుకుని మా ముందునుంచి వెళ్ళారు.

"నేను రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు," అంది.

"తెలుసు."

"నీకు అన్నీ తెలుసు," అంది. ఎకసక్కెం కాదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. లేచి మెట్లవైపు నడిచింది. బస్సులో నా పక్కన ఖాళీ ఉన్నా ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా నాకు దాని కొత్త జుట్టు, మెడ మాత్రమే కనబడ్డాయి.

*

ఆ తర్వాత నెలరోజులూ బుడ్డి నాతో చాలా మర్యాదగా ఉంది. అడిగితే చెప్పేది, పెడితే తినేది. బుడ్డీ అన్నా ఊరుకునేది. మర్యాద అంత కఠినమైందని నాకు అంతవరకూ తెలీదు. కేకలేస్తే బదులు కేకలెయ్యొచ్చు, ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు. "థాంక్సమ్మా" అనే పిల్లని ఏం చేసుకోను? కత్తెర వాడుకుని మళ్ళీ సొరుగులోనే పెట్టేసేది.

బడి మొదలై చలి అడుగుపెట్టేసరికి నెమ్మదిగా మాటలు పెరిగాయి. ముందు లెక్కల గురించి, తర్వాత స్నేహితురాళ్ళ మీద చాడీలు. వేసవి గురించి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఒక శనివారం బడి సగం పూటే. తిన్నగా మా ఆఫీసుకొచ్చింది. వీసాల అక్క దాన్ని చూసి, "రావే, దేశాలు పట్టి తిరిగేదానా! ఏంటా కత్తిరింపు, గిన్నె బోర్లించి కోశారా?" అంది.

"ఇది ఫ్యాషను," అంది బుడ్డి.

"అయితే మా అమ్మ అరవయ్యేళ్ళ కిందటే ఫ్యాషను మనిషన్నమాట."

బుడ్డి నవ్వింది. నవ్వుతూనే నా బల్ల పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాన్న ఫోన్ చేశాడు. సీట్లు అయిపోతాయట. టిక్కెట్టు చేసెయ్యమన్నాడు."

"చేద్దాం. వెళ్ళేది ఎప్పుడు?"

"సెలవులిచ్చిన మర్నాడే."

ఆ రోజు విమానం ఉంది. చేశాను. "రావడం?"

గోడమీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలితో గడులు లెక్కపెట్టుకుంది. బడి తెరిచేది సోమవారం. "శనివారం వస్తాను," అంది అక్కణ్ణుంచే.

శనివారం నేరుగా వచ్చే విమానం లేదు. గురువారం ఉంది. ఆదివారం ఉంది. శనివారం లేదమ్మా, గురువారం వచ్చెయ్యి అంటే చాలు. అది కూడా నిజమే. మూడు రోజులు. గురువారం పొద్దున్న దిగుతుంది. శుక్రవారం నేను సెలవు పెట్టొచ్చు. శనివారం ఆఫీసు ఎలాగూ సగం పూటే.

వీసాల అక్క కలం ఆగిపోయిందని వినబడింది నాకు.

"శనివారం లేదు," అన్నాను. "గురువారం ఉంది. ఆదివారమూ ఉంది."

బుడ్డి క్యాలెండరు వదిలి వచ్చి కూర్చుంది. నేను తెర దాని వైపు తిప్పాను, చూసుకోమని. అది తెర వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. ఎంతసేపో తెలీదు. నేను మొహం తిప్పుకోలేదు.

"ఆదివారం దిగితే మర్నాడే బడికి వెళ్ళాలి," అన్నాను. "నిద్ర చాలదేమో."

"ఫర్లేదు," అంది. "ఆదివారం."

"కిటికీ పక్కనా?"

"ఊఁ."

ఆదివారం మీద నొక్కాను.